మానుపిల్లికి తినిపించిన ఎండాకాలం

మొన్న ఆఫీసు క్యాంటీన్‌లో పప్పన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోన్ చూస్తుంటే, ఫోనే ఒక పాత వీడియో తీసి నా ముందు పెట్టింది. నా ఈడువాళ్ళకు జ్ఞాపకాలు మనసులోంచి రావడం మానేసి చాలాకాలమైంది, నోటిఫికేషన్లుగానే వస్తాయి. అందులో చూడటానికి ఏమీ లేదు. ఊగుతున్న సున్నం గోడ, గళ్ళ తువ్వాలు, తువ్వాలు కొసన నల్లటి తడి ముక్కు. కెమెరా ఎవరి జేబులోంచో దొంగచాటుగా తొంగిచూస్తున్నట్టు సగం ఫ్రేమ్ నిండా గుడ్డే ఉంది. ఆ జేబు నాదే. వెనక ఎవరో సన్నగా గొణుగుతున్నారు. ఆ గొంతూ నాదే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ విన్నాను. పక్క టేబుల్ అమ్మాయి "ఏం పాట?" అని అడిగింది. పాట కాదమ్మా, ఒక మానుపిల్లి భోజనం అని చెబితే కుర్చీ దూరం జరుపుకుంటుందని ఊరుకున్నాను.

ఈ వయసుకే చిన్నప్పటి సంగతులు రాయడానికి కూర్చుంటే నవ్వేవాళ్ళున్నారని తెలుసు. నవ్వుకోండి. అప్పట్లో నన్ను చూసి నవ్వని మనిషి మా ఇంట్లో ఎవరూ లేరు, నాకు అలవాటే. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఒక లెక్చరర్ నా ఫోన్ లాక్కున్నాడని క్లాసు తలుపు ధడేల్మని వేసి బయటికొచ్చేశాను. ఆ తలుపుకి అద్దం ఉందన్న సంగతి అది పగిలాక తెలిసింది. కొన్నాళ్ళు కాలేజీకి రానక్కర్లేదన్నారు. ఇంట్లో నాన్న అరవలేదు. అరిస్తే నేను అంతకంటే గట్టిగా అరుస్తానని ఆయనకు తెలుసు. "మీ అత్త దగ్గరికి పో. కరిచే వాటిని ఎట్ల పట్టుకోవాల్నో ఆమెకు తెలుసు," అన్నాడంతే. నా బట్టల బ్యాగు తనే సర్దాడు. ఛార్జర్ మర్చిపోయాడు. కావాలనే మర్చిపోయాడని ఇప్పటికీ నా అనుమానం.

మా మేనత్త సునీల పశువుల డాక్టరు. తిరుమలగిరిలో పెంకుల కప్పు ఉన్న పాత ఇంట్లో ఉండేది. ముందు గదుల్లో క్లినిక్, వెనక గదుల్లో ఆమె, మా నానమ్మ. కుక్కలూ పిల్లులూ అక్కడికి వచ్చేవి కావు. దెబ్బ తగిలిన గద్దలు, కరెంటు తీగ తగిలిన గబ్బిలాలు, బావిలో పడ్డ ఉడుములు, ఇలాంటివాటిని ఫారెస్టువాళ్ళో, దారిన పోయేవాళ్ళో తెచ్చి పడేసేవారు. ఇంట్లో ఎక్కడ నిలబడితే అక్కడో వాసన. గుమ్మం దగ్గర ఫినాయిలు, నడవలో మగ్గిన బొప్పాయి, వంటింటి దగ్గరికొస్తే నానమ్మ ఉల్లిపాయలు వేయించే వాసన. వీటన్నిటి మధ్యలో ఎవరికీ చోటివ్వకుండా నా డియోడరెంటు. మొదటి రోజే అత్త ఆ సీసా తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది. "వాటికి ముక్కులున్నయే. నీ వాసనకు నాకే తల తిరుగుతుంది," అంది. నేను పస్తు ప్రకటించాను. సాయంత్రం మిర్చీ బజ్జీలు వేయడంతో విరమించాను.

నానమ్మది నరసాపురం వైపు. పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చి, బళ్ళో టీచరుగా రిటైరై, ఇన్నేళ్ళు ఇక్కడే ఉన్నా మాట మాత్రం మారలేదు. వంటింట్లో గోడగడియారం ఉండేది, నడిచేది కాదు. ఆవిడకు దానితో పని లేదు. అన్నీ పాటలతోనే కొలిచేది. గుడ్డు మెత్తగా ఉడకాలంటే ఒక కీర్తన సగం వరకు, గట్టిగా ఉడకాలంటే ఆఖరి చరణం దాకా. టీ మరగడానికి చిన్న పాట, పప్పుకు పెద్ద పాట. మధ్యలో ఎవరైనా పలకరిస్తే "ఉండవే, గుడ్డు పాడవుద్ది," అని చెయ్యూపేది. తినేముందు భోజన ప్రార్థన సరేసరి. అది లేకుండా ఆ ఇంట్లో ఎవరి చెయ్యీ కంచంలోకి వెళ్ళదు. "ప్రభువా, ఈ ఆహారం కొరకు నీకు స్తోత్రం. ఇది లేని వాళ్ళని జ్ఞాపకం చేసుకో. మమ్మల్ని నెమ్మదిగా తిననియ్యి. ఆమేన్." ఆ చివరి మాట నా కోసం కలిపిందని అత్త అంటుంది. అందరూ కళ్ళు మూసుకునేవారు. నేను తప్ప. నా కళ్ళు బల్ల కింద ఫోన్ మీద ఉండేవి. దేవుడి మీద నాకు నమ్మకం లేదని ఆ ఏడే ప్రకటించాను. ప్రకటించడం వరకే. ప్రార్థన మాత్రం నోటికొచ్చు, లిఫ్ట్ బటన్ నొక్కే వేలికి అంతస్తు గుర్తున్నట్టు.

పునుగుపిల్లి జాతిదే అయిన ఆ మానుపిల్లి కార్ఖానా అనే పేట నుంచి వచ్చింది. అక్కడ ఒక పాత ఇంటి సీలింగ్ విప్పుతుంటే పైనుంచి కిందపడింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో చిరుతపులి పిల్ల అని పెట్టారట. దాంతో సగం కాలనీ తలుపులు మూసుకుంది, మిగతా సగం సెల్ఫీలకు వచ్చింది. అత్త దగ్గర పనిచేసే యాదగిరి దాన్ని టమాటాల ట్రేలో, పైన ఇంకో ట్రే బోర్లించి, స్కూటర్ మీద తెచ్చాడు. బూడిదరంగు ఒళ్ళు, ఒళ్ళంత పొడవు తోక, ముఖం మీద దొంగ కట్టుకున్న గుడ్డలా నల్లటి పట్టీ. దగ్గరికెళితే అప్పుడే దించిన బాస్మతి అన్నం వాసన. నేను అడిగాను కూడా, ఎవరింట్లో బిర్యానీ అని. "గీ జంతువే గట్ల వాసనొస్తది పాపా. మీద దమ్ బెట్టకు," అన్నాడు యాదగిరి. కింది దవడ విరిగింది. అత్త సన్నటి తీగతో కట్టింది. నమలలేదు, నాకలేదు, తినదు. అతుక్కునేదాకా సిరంజితో మనమే పెట్టాలి.

"ఎందుకు నేనే?" అన్నాను.

"దానికి ఎన్ని తక్కువ మొహాలు కనపడితే అంత మంచిది. నాకు పేషెంట్లున్నయి, యాదగిరికి బోన్లున్నయి. ఖాళీగా ఉన్న మొహం నీదొక్కటే," అంది అత్త.

నియమాలు చెప్పింది. ముందు గోరువెచ్చని ఉప్పూ చక్కెర నీళ్ళు, తర్వాతే ఆహారం. ఎండిపోయిన కడుపులోకి ఒకేసారి తిండి తోస్తే అదే చంపుతుంది. బొప్పాయి, అరటిపండు, ఉడికిన గుడ్డు మెత్తగా రుబ్బి వడగట్టాలి. తువ్వాల్లో గట్టిగా చుట్టి తల మాత్రం బయటకుంచి, నిటారుగా పట్టుకోవాలి. సిరంజి ఎదురుగా కాదు, పక్కనుంచి, కోరపన్ను వెనకున్న సందులోంచి. "కొంచెం వెయ్యి, ఆగు. గొంతు చూడు. గొంతు కదిలినంకనే రెండోసారి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దవడ బాగై జంతువు చస్తుంది. పేరు పెట్టొద్దు. ముద్దులొద్దు. మాట్లాడొద్దు. ఫోన్ బయట." చివరిది చెప్పేటప్పుడు చెయ్యి చాచింది. నేను పాత ఫోనొకటి ఆమె చేతిలో పెట్టాను. అసలుది ఆప్రాన్ జేబులో ఉంది. ఆ వీడియో అలాగే పుట్టింది.

నాకు రాని పని ఒక్కటే, ఆగడం. లిఫ్ట్ కోసం ఆగలేక మెట్లెక్కి, రొప్పుతూ లిఫ్ట్‌నే తిట్టే రకం నేను. మొదటి పూట ఒకసారి వేసి, వెంటనే రెండోది వేశాను. అది దగ్గింది. ముక్కులోంచి గుజ్జు కారింది. అత్త ఒక్కసారి నా వైపు చూసి, దాని తల కిందికి వంచి తుడిచింది. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. మరుసటి పూట మళ్ళీ సిరంజి పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపు ఆగాలో తెలియదు. అప్పుడు నోటికి ఏది దొరికితే అది పట్టుకుంది. వంటింట్లో నానమ్మ గుడ్డుకు చరణాలు లెక్కబెట్టినట్టు, నేను సిరంజికి భోజన ప్రార్థన చదివాను, పెదాల కింద, గొణుగుతూ. స్తోత్రం దగ్గర సిరంజి పెట్టడం, ఆమేన్ దాకా ఆగడం. ఆమేన్‌కు దాని గొంతు కదిలేది. సరిగ్గా సరిపోయింది. మళ్ళీ మొదటినుంచి. ఇది మాట్లాడటం కిందికి వస్తుందని నాకు తోచనే లేదు. అలవాటుని ఎవరు మాటగా లెక్కేస్తారు?

కొన్నాళ్ళకు అది నేను వచ్చి గొణగడం మొదలెట్టగానే మూతి తెరవసాగింది. సిరంజి ఇంకా దగ్గరికి రాకముందే. తువ్వాలు అవసరం లేకపోయింది. బరువు పెరిగింది. దవడ అతుక్కుంది, అత్త తీగ తీసేసింది. ఇంక నా గొప్ప చూడాలి. ఫ్రెండ్స్ అందరికీ చెప్పాను, నా చేతిలో ఏదో ఉందని, జంతువులకు నేనంటే తెలుస్తుందని. ఇంజినీరింగ్ మానేసి ఇదే చేస్తానని నానమ్మతో అన్నాను. "ముందు నీ కంచం నువ్వు కడుగు," అంది ఆవిడ.

చిక్కు తర్వాత వచ్చింది. వెనక వరండాలో పెద్ద జాలీ గూడు కట్టి, కొమ్మలు పెట్టి, దాన్ని అందులోకి మార్చారు. ఇక గిన్నెలో పెట్టాలి, అది తనంతట తను తినాలి. తినలేదు. అత్త పెడితే మూతి బిగించింది. యాదగిరి పెడితే వెళ్ళి మూల కూర్చుంది. నేను వెళ్ళి సిరంజి పట్టుకుని గొణిగితే నోరు తెరిచింది. నాకు లోపల ఒకటే ఆనందం.

"చూసినవా? నేనంటేనే ఇష్టం," అన్నాను.

"అదే భయం," అంది అత్త. "వచ్చే వారం ఫారెస్టువాళ్ళు చూడ్డానికి వస్తరు. తనంతట తను తినాలె, మనిషిని చూస్తే పారిపోవాలె. లేకుంటే అడవికి పంపరు. జూలో బోను. బతికినన్ని రోజులు."

"నీకు తినిపియ్యరాకపోతే నా మీద ఎందుకు పడుతున్నవ్? జలస్ నీకు!"

డిగ్రీ మీద డిగ్రీ చదివిన డాక్టరుని, ఇంజినీరింగ్ మొదటి ఏడాది కూడా దాటని నేను అన్న మాట అది. అత్త చేతిలో ఉన్న బొప్పాయి ముక్క నోట్లో వేసుకుని, నములుతూ వెళ్ళిపోయింది.

మరుసటి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. భోజనాల బల్ల వరండా తలుపు పక్కనే. ఎండ ఎక్కువగా ఉందని తలుపు తీసి పెట్టారు. నేను ఇంకా అలకలోనే ఉన్నాను. నానమ్మ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది, అత్త మూసుకుంది, గుమ్మంలో నిలబడ్డ యాదగిరి కూడా మర్యాదకు తల దించాడు. నాది ఎప్పటిలాగే, ఒక కన్ను ఫోన్ మీద, ఇంకోటి ఎటో. "ప్రభువా, ఈ ఆహారం కొరకు..." అని నానమ్మ మొదలుపెట్టగానే జాలీ వెనక ఏదో కదిలింది. పగలంతా పడుకునే జంతువు. లేచింది, కొమ్మ దిగింది, జాలీ దగ్గరికొచ్చి ముందుకాళ్ళు ఆనించి నిలబడింది. నానమ్మ వైపు తిరిగి నోరు తెరిచింది. నానమ్మని అది అంతకుముందు దగ్గరగా చూడను కూడా లేదు.

"ఏయ్ ఆగు! నానమ్మా ఆపు!" అని అరిచాను.

"ఆమేన్ అననియ్యవే! ఏంటే నీ గోల?"

"నేను కాదు! నేను కాదత్తా. ప్రార్థన!"

నా మాటలు ఎవరికీ అర్థం కాలేదు. నానమ్మ మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది, ఈసారి అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. మూసుకుపోయిన మూతి "స్తోత్రం" దగ్గరికి రాగానే మళ్ళీ తెరుచుకుంది. అత్త చెయ్యి నుదుటికి పోయింది. యాదగిరి మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు.

"అది సదివితేనే తింటదని నాకెప్పుడో ఎర్కనే మేడమ్."

"మరి చెప్పలేదేం యాదగిరీ?"

"మీ ఇండ్లల్ల గిట్లనే తినిపిస్తరేమో అనుకున్న. మీరే నేర్పిండ్రనుకున్న. నాకు రాదు గద, గందుకే నేను పెడితే తింటలేదని ఊకున్న." కొంచెం ఆగి జాలీ వైపు చూశాడు. "ఇగ ఇది ఆదివారం చర్చికి సుత పోతదేమో."

ఇక నా చేతి మహిమ అంతటితో అయిపోయింది. నవ్వులయ్యాక అత్త చెప్పింది, నెమ్మదిగానే. ఈ ఇలాకాలో ఇంటికో ప్రార్థన వినపడుతుంది. రేపు దీన్ని ఏ అడవిలో వదిలినా, పక్క ఊళ్ళో ఎవరో భోజనానికి కూర్చుని ఆ మాట అంటే, ఇది కిటికీలోంచి దిగి నోరు తెరుస్తుంది. వాళ్ళు ముద్ద పెట్టరు, కర్ర తీస్తారు. నా చేతిలో పెరిగిన జంతువు నా గొణుగుడు వల్లే చస్తుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది. వెళ్ళి గేటు తన్నాను. గేటుకేం కాలేదు.

ఆ మాటంటే భయపడేలా చేస్తే త్వరగా మానుతుందని, ప్రార్థన చదివి నీళ్ళు చల్లుదామని అత్త అంది. నానమ్మ ఒప్పుకోలేదు. "దేవుడి మాట వింటే నీళ్ళు పడతాయని ఏ జీవికీ నా ఇంట్లో నేర్పనివ్వను," అంది. తర్వాత చాలాసేపు ఉల్లిపాయలు తరిగింది. పాట పాడలేదు. చివరికి తనే చెప్పింది, అది తనంతట తను తినేదాకా తాను నోరు తెరవనని. బుద్ధి తెలిసినప్పటినుంచీ పైకి ప్రార్థన చెప్పకుండా ముద్ద ముట్టని మనిషి. నాకు ఆ విలువ అప్పుడు తెలియలేదు. నానమ్మ అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అనుకున్నాను.

ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. కంచాల ముందు కూర్చుని నానమ్మ పెదాలు కదిపేది, శబ్దం రాకుండా. గుడ్లు పాటల్లేక ఒకసారి పగిలేవి, ఒకసారి పచ్చిగా ఉండేవి. నన్ను గూటి దగ్గరికి రానివ్వలేదు. గిన్నె మానేసి యాదగిరి ఆహారాన్ని కొమ్మల సందుల్లో, ఎండుటాకుల కింద దాచేవాడు. వెతుక్కోవాలి. అది వెతకలేదు. సాయంత్రం కాగానే జాలీ దగ్గరికొచ్చి నోరు తెరిచి నిలబడేది, ఎవరూ ఏమీ అనకపోతే సన్నగా అరిచేది. బరువు తగ్గింది. నేను ఇంకో గదిలో దిండు చెవులకు అదుముకుని, మూడే మూడు వాక్యాలు అంటే తింటుంది కదా అనుకునేదాన్ని. నోట్లో ఉన్న మాటని ఆపుకోవడం నాకు జీవితంలో అదే మొదలు. ఇంకా తగ్గితే మళ్ళీ సిరంజి తప్పదని, అప్పుడు అడవి మాట మర్చిపోవాలని అత్త చెప్పేసింది.

ఒక సాయంత్రం ఇక ఉండలేక లేచాను. వంటింటి గుమ్మంలో నానమ్మ నిలబడి ఉంది, వరండా వైపే చూస్తూ. నన్ను చూసి, చీర కొంగు తీసి తన నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చేత్తో నా నోరు మూసింది. వేళ్ళు ఉల్లిపాయ వాసన. అలాగే నిలబడ్డాం. లోపల అరుపు. మళ్ళీ అరుపు. తర్వాత అరుపు ఆగింది. ఆకులు గలగలమన్నాయి. ఇంకాసేపటికి ఒక చప్పుడు, కరకర, నాకు పరిచయం లేని చప్పుడు. యాదగిరి పెట్టిన బొప్పాయి కాదు. దారి తప్పి గూట్లోకి వచ్చిన బొద్దింకని పట్టుకుని, అతుకుపడ్డ దవడతో నములుతోంది. నానమ్మ చెయ్యి నా నోటి మీదనుంచి తీయలేదు. ఆవిడ కొంగు వెనక పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ఫారెస్టువాళ్ళు వచ్చిన రోజు నన్ను చూసి అది బుస్సుమంది. బోనులోకి ఎక్కిస్తుంటే అత్త గ్లవ్స్‌లో కోర దిగేలా కరిచింది. పిల్లకు ర్యాంకు వచ్చినట్టు అత్త ఆ గ్లవ్స్ అందరికీ చూపించింది. నగరం బయట చెట్లున్న చోట తలుపు తీశాం. వెనక్కి చూస్తుందని ఫోన్ రెడీగా పట్టుకున్నాను. చూడలేదు. ఆ రోజుది నా ఫోన్లో ఉన్నది ఖాళీ బోను ఫోటో ఒకటి.

నేను కాలేజీకి తిరిగి వెళ్ళాను, అద్దం లేని తలుపు పెట్టారు. ఇప్పుడు చిలకలగూడలో రూమ్, ఆఫీసు, ఫోన్. భోజనం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియకుండా తింటాను. ప్రార్థన చెప్పుకోను. కానీ ఏదైనా కంచం ముందుకు రాగానే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఎవరో ఏదో అనాలన్నట్టు. ఆ ఆగడాన్ని ఇన్నాళ్ళూ నెట్ స్లో అనుకున్నాను.

పోయిన వానాకాలంలో నానమ్మ కన్నుమూసింది. వీడియో చూసిన ఆదివారం తిరుమలగిరి వెళ్ళాను. ఆవిడ లేని ఇంట్లో భోజనానికి కూర్చోవడం అదే మొదలు. గేటు దగ్గరే యాదగిరి అందుకున్నాడు. "మేడమ్ సరిగ తింటలేరు పాపా. బల్ల కాడ కూసుంటలేరు. క్లినిక్‌ల నిలవడి ఏదో గింత నోట్లె ఏసుకుంటరు. జెర నువ్వన్న చెప్పు." చెప్పడం నాకు బాగా వచ్చు. లోపలికి పోతూనే అత్త మీద అరిచాను, చిక్కిపోయిందని. ఆమె అరవలేదు. వడ్డించింది. పప్పు, బెండకాయ వేపుడు, ఉడికించిన గుడ్లు. గుడ్లు పగిలి ఉన్నాయి.

ముగ్గురం కూర్చున్నాం. కంచాల్లోంచి ఆవిరి లేస్తోంది. ఎవరమూ చెయ్యి పెట్టలేదు. అత్త కంచం అంచు సర్దింది. యాదగిరి నీళ్ళ గ్లాసు జరిపాడు. నేను ఫోన్ తీసి మళ్ళీ బోర్లా పెట్టాను. వరండాలో జాలీ గూడు ఖాళీగా ఉంది. ఆవిరి తగ్గిపోయింది.

"చెప్పవే," అంది అత్త, నా వైపు చూడకుండా. "దానికి చెప్పినట్టు చెప్పు."

గొణిగాను. క్లినిక్‌లో గొణిగినట్టే, పెదాల కింద. మమ్మల్ని నెమ్మదిగా తిననియ్యి దగ్గర నేనూ నెమ్మదించాను. వాళ్ళిద్దరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఈసారీ మూసుకోలేదు. ఆమేన్ అన్నాక అత్త ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. గొంతు కదిలేదాకా చూశాను. అప్పుడు పప్పు గిన్నె ఆమె వైపు జరిపాను.